బస్సులో అడిగిన మాట

ఎనభైల్లో ఒక గాలివాన రోజున, బస్సులో నేనొక అడగరాని మాట అడిగాను. అంతకుముందే పొలంలో తడిచేతులతో మోటారు ఆపబోతే కరెంటు కొట్టి గట్టు మీద పడ్డాను. చిలకలూరిపేట బస్సెక్కేసరికి గుండెదడ, ఒళ్లంతా వణుకు. పక్కన, వానకు పని ఆగిపోయి పత్తిచేను నుంచి వస్తున్న పెద్దావిడ కూర్చుంది.

"ఏందయ్యా, అట్టా అయిపోయావు?"

"కరెంటు కొట్టింది."

"అమ్మో! ఇంద, నీళ్లు తాగు." సీసాలోంచి తన గ్లాసులో నీళ్లు పోసి అందించింది.

నోరు పిడచకట్టుకుపోతున్నా, "ఏమిట్లమ్మా మీరు?" అని కులం అడిగాను.

"ప్రాణం పోబోయినా అది మాత్రం పోలేదే నీకు!" అని నవ్వి, ఆ నీళ్లతోనే కొంగు తడిపి నా ముఖం తుడిచింది.

తర్వాత మా పొలంలో కూలీల దోసిళ్లలోకి పైనుంచి నీళ్లు పోయడం మానేశాను. కుండ పక్కన ఒకే గ్లాసు పెట్టాను. వాళ్లు తాగాక, దాంతోనే నేనూ తాగాను.