హోసూరులో సగం మంచం

ఇది నాకు జరిగింది. నమ్మమని మిమ్మల్ని బతిమాలను... నమ్మబుద్ధి కాకపోతే టీ తాగేసి లేచిపోండి. బూట్ల పైతోలు కుట్టే దాన్ని నేను. ఇరవై రెండేళ్లుగా నాకు అన్నం పెడుతున్న కుట్టుమిషన్ మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. ఇందులో ఒక్క ముక్క కల్పించి ఉంటే రేపు ఆ సూది నా వేలిలోనే దిగాలి.

మాది గుడియాత్తం. నా పని ఆంబూరు దగ్గర బూట్ల కంపెనీలో. నా చెల్లెలు ఎస్తేరు పని హోసూరులో. తెలుసుగా, బెంగళూరుకు ఆనుకుని ఉంటుంది. చుట్టూ కంపెనీలు, నడుమ చెరువు. అక్కడ అందరూ దాన్ని లేక్ అంటారు. లేక్ అంటే ఏదో అనుకున్నాను. పోయి చూస్తే అంచున నురగ, నీళ్ల మీద కంపెనీల లైట్లు, ముక్కు మూసుకోవాల్సిన వాసన. మన పాలారు నదిని పాడుచేసినట్టే దాన్నీ పాడుచేశారు.

ఎస్తేరుకు నర్సు చదవాలని ఉండేది. వేలూరు పోయి సీటు కూడా అడిగి వచ్చింది. వద్దన్నది నేనే. అమ్మ పోయాక దాన్ని పెంచింది నేను కాబట్టి నా మాటే చెల్లింది. రెండేళ్లు పని చెయ్యి, తర్వాత చూద్దాం అన్నాను. చూసేదేమీ ఉండదని నాకు అప్పుడే తెలుసు. దానికీ తెలుసు. ఒక్క మాట ఎదురు చెప్పకుండా హోసూరుకు బ్యాగు సర్దుకుంది.

ఏడు నెలల తర్వాత ఒక రాత్రి ఫోన్ చేసింది.

"అక్కా, నాకు నిద్ర లేదు. రాత్రిపూట ఎవరో వచ్చి నన్ను జరగమంటాండారు."

"ఎవరే?"

"తెలీదు. కాలి బొటనవేలు పట్టుకుని లాగుతాది. జరుగక్కా అంటాది. జరిగితే పక్కన పండుకుంటాది. తెల్లారి చూస్తే ఎవరూ ఉండరు."

నేనేమన్నానో తెలుసా... "పని ఎగ్గొట్టేదానికి ఇదొకటి కనిపెట్టినావా" అన్నాను. అంతకు ముందు పేర్ణాంబట్టులో బీడీల పని వదిలేసి వచ్చింది. గుడియాత్తంలో బట్టల అంగడి వదిలేసింది. ఇదీ అలాంటిదే అనుకున్నాను. తిట్టి ఫోన్ పెట్టేశాను. ఛీ, నా నోరు.

మూడో రోజు మళ్లీ చేసింది. ఈసారి ఏడవలేదు. నాకు భయం పుట్టింది అప్పుడే.

"అక్కా, ఈ పొద్దు ప్రెస్ మిషన్ కాడ నిలబడుకొనే నిద్రపోయినా. పక్కనున్న పిల్ల నా చెయ్యి వెనక్కి లాగినాది. లేకుంటే నాలుగు వేళ్లు పోయుండును."

జ్వరమని సూపర్‌వైజరుకు చెప్పి, ఆంబూరులో బెంగళూరు బస్సెక్కాను. హోసూరులో దిగేసరికి సాయంత్రం ఆరు. ఎస్తేరు కంపెనీ గేటు దగ్గరికి పది నిమిషాలు పర్మిషన్ తీసుకుని వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది. ఎవరో పనికి రాలేదని ఆ రాత్రికి కూడా దాన్నే ఉండమన్నారట. పగలంతా నిలబడిన పిల్లను రాత్రి కూడా నిలబెడతారు, అడిగే నాథుడు లేడు.

దాని ముఖం చూసి కూడా నేను పట్టు వదల్లేదు చూడండి. "ఈ రాత్రి నీ మంచంలో నేను పండుకుంటా. ఎవరన్నా వస్తే రేపు పొద్దున్నే నిన్ను తోడుకొని పోతా. రాకపోతే నోరు మూసుకొని పని చెయ్యాల" అన్నాను.

"సరిక్కా" అంది. "వస్తాది. నువ్వు తిట్టొద్దు దాన్ని."

ఇప్పుడు ఆ హాస్టల్ సంగతి చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. చెరువుకు వీపు పెట్టి కట్టిన మూడంతస్తుల ఇల్లు. ఒక్కో గదిలో ఆరు మంచాలు, పన్నెండు మంది ఆడపిల్లలు. అంటే ఒక మంచానికి ఇద్దరు. ఒకతె పగలు పనికి పోతే ఇంకొకతె పగలు పడుకుంటుంది. ఈమె వచ్చేసరికి ఆమె కంపెనీ బస్సెక్కి ఉంటుంది. నెలల తరబడి ఒకే మంచంలో పడుకున్నా ఒకరి ముఖం ఒకరు చూడరు. దిండు కూడా ఒకటే. ఒకవైపు ఒకరిది, ఇంకోవైపు మరొకరిది. గుర్తుకు ఒక వైపు మూల మీద ఎర్రదారం కుట్టు ఉంటుంది. లేచేటప్పుడు దిండు తిరగేసి, దుప్పటి మడిచిపెట్టి పోవాలి. అది వాళ్లలో వాళ్లు పెట్టుకున్న మర్యాద. ఎప్పుడైనా ఒకతె పని ముగించుకుని ముందే వచ్చేస్తే లైటు వెయ్యదు, మిగతావాళ్ల నిద్ర చెడుతుందని. పేరు పెట్టి పిలవదు, పేరు తెలిస్తే కదా. బొటనవేలు లాగి, జరగమంటుంది. అంతే.

ఎస్తేరు మంచంలో రెండో సగం అమ్మాయిని ఎస్తేరు ఎన్నడూ చూడలేదు. నీలగిరి తైలం వాసన మాత్రం తెలుసు. తలనొప్పికి రాసుకునేదేమో. నెల కిందట కంపెనీవాళ్లు రాత్రి నడిచే మిషన్ల లైను ఒకటి ఆపేసి, ఆ అమ్మాయిలను ఇళ్లకు పంపేశారు. మంచం మొత్తం మా ఎస్తేరుదే అయింది. అది సంతోషపడిందట కూడా.

వార్డెనమ్మ నా పేరు రిజిస్టరులో రాయించుకుంది. పది గంటలకు వీధివైపు గేటుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడి వేసుకుంది. నా కళ్లతో చూశాను.

పక్క మంచంలో సెల్వి అనే పిల్ల. వాణియంబాడి వైపు పిల్ల, తెలుగూ అరవమూ కలిపి మాట్లాడుతుంది. దుప్పటి లోపల ఫోన్ వెలుగు పెట్టుకుని ఏదో చూస్తోంది. మిగతా మంచాలు సగం ఖాళీ, ఎస్తేరులాగే వాళ్లనూ రాత్రికి ఆపేసి ఉంటారు. నేను ఎర్రదారం పైకి ఉండేలా దిండు పెట్టుకున్నాను. అది ఎస్తేరు వైపు. పడుకున్నాను...

ఫ్యాను కిర్... కిర్... అంటోంది. చెరువు అవతల ఏదో కంపెనీ మిషను, ఆగకుండా ఒకటే మూలుగు. బాత్‌రూములో కొళాయి. టప్... మళ్లీ కాసేపటికి టప్. పన్నెండయింది. ఒంటిగంట అయింది. ఎవరూ రారు, దీన్ని రేపు నాలుగు పీకాలి అనుకున్నాను. ఎప్పుడు కన్ను మూతపడిందో తెలియదు.

బొటనవేలు.

ఎవరో పట్టుకున్నారు. గట్టిగా కాదు... రెండు వేళ్లతో... మెల్లగా లాగారు.

"జరుగక్కా."

మన పక్క తెలుగు. అలసిపోయిన గొంతు. నేను జరిగాను. అవును, జరిగాను. చిన్నప్పుడు ఇంట్లో ఒకే చాప మీద ఐదుగురం పడుకునేవాళ్లం. ఎవరైనా జరగమంటే కళ్లు తెరవకుండానే ఒళ్లు జరుగుతుంది. గోడవైపు తిరిగి, సగం మంచం వదిలిపెట్టాను. జరిగిన తర్వాత... అప్పుడు మెలకువ వచ్చింది.

కళ్లు తెరిచాను. ఎదురుగా గోడ. సున్నం ఒకచోట పెచ్చు లేచి ఉంది. దాన్నే చూస్తున్నాను. నా వీపు వెనక... పరుపు కుంగిందా? ఇప్పటికీ చెప్పలేను. వాసన మాత్రం వచ్చింది. నీలగిరి తైలం. మొదట కొంచెం... తర్వాత బాగా.

ఊపిరి బిగబట్టాను. పక్కన మనిషి ఉంటే ఊపిరి వినిపించాలి కదా. విన్నాను... ఫ్యాను. కొళాయి. ఫ్యాను... ఊపిరి లేదు. నాదీ లేదు, దానిదీ లేదు. ఇక ఆపలేక నేను వదిలాను. ఆ గదిలో నా ఊపిరి ఒక్కటే వినిపించింది.

అప్పుడు నా పిక్కలకు పాదాలు తగిలాయి. చల్లగా... ఎంత చల్లగా అంటే, ఎంతోసేపు తడి సిమెంటు మీద నిలబడి వచ్చిన పాదాలు. వెనక్కి లాక్కోలేదు. అక్కడే పెట్టుకుంది, వెచ్చదనం కోసం.

"ఐదు నిమిషాలక్కా" అంది. "ఐదు నిమిషాలు... మళ్లా పోతా."

నా నోరు మీకు తెలుసు. కంపెనీలో మేనేజరు కూడా నాతో మాట్లాడాలంటే ముందు గొంతు సవరించుకుంటాడు. ఆ నోరు ఆ రాత్రి తెరుచుకోలేదు. ప్రార్థన కూడా రాలేదు. ప్రభువా అన్నాను మనసులో, ఆ పై మాట గుర్తు రాలేదు. తిరిగి చూస్తే సరిపోయేది. ఒక్కసారి మెడ తిప్పితే ఎవరో తెలిసేది. తిప్పలేదు. గోడనే చూస్తూ ఉండిపోయాను. అలా ఎంతసేపో... నిద్రపోయానో, మూర్ఛే పోయానో.

తెల్లారింది. పక్కన ఎవరూ లేరు. రెండో సగంలో దుప్పటి అంచు చక్కగా మడిచి ఉంది. దిండు చూశాను. ఎర్రదారం కనిపించలేదు. తిరగేస్తే... అడుగున ఉంది. నా తల కింది దిండును నాకు తెలియకుండా ఎవరు తిప్పారు?

సెల్విని లేపి అడిగాను. "నేను మూడుదాకా మేలుకొనే ఉండినానక్కా. ఎవరూ రాలే. మీరే గోడ పక్కకు జరిగినారు. మీరే ఏందో గొణుక్కున్నారు. నాకు భయమేసి దుప్పటి కప్పుకున్నా" అంది.

భయం పోయేసరికి నాకు కోపం వచ్చింది. నాకు ఎప్పుడూ అంతే. నేరుగా వార్డెనమ్మ దగ్గరికి పోయాను.

"రాత్రి గదిలోకి ఎవరో వచ్చినారు."

"తాళంచెవి నా కొంగులోనే ఉండాది. ఎవరమ్మా వచ్చేది? కల కనుంటావు."

"నేను కల కంటే నా చెల్లెలు కూడా అదే కల కంటాదా? పద, ఇల్లంతా చూద్దాం."

చూశాం. వెనకాల బట్టలు ఉతికే చోట, చెరువు వైపు ఒక ఇనుప గ్రిల్లు గేటు ఉంది. దానికి గడియ మాత్రమే. చెయ్యి దూర్చి బయటినుంచి కూడా తీయొచ్చు.

"ఇదేంది?" అన్నాను.

"ఆ పక్క చెరువు కదమ్మా. ఎవరు వస్తారు బురదలో?"

"ఇంతమంది ఆడపిల్లలను పెట్టుకొని గేటుకు తాళం లేకుండా పండుకుంటాండావు. నీ కూతురైతే ఇట్లనే పెడతావా? తాళం తీసుకురా. వేసేదాకా నేను ఈడనుంచి కదిలేది లేదు."

గొణుగుతూ పోయి ఒక పెద్ద తాళం తెచ్చింది. నేను పక్కనే నిలబడి వేయించాను. లాగి చూశాను కూడా. చుట్టూ చేరిన పిల్లలు నన్ను చూసి మెచ్చుకున్నారు. నాకు గర్వంగా అనిపించింది. అబద్ధమెందుకు, చాలా గర్వంగా అనిపించింది.

ఎనిమిదిన్నరకు ఎస్తేరు వచ్చింది. మొదట దాని చేతులు పట్టుకుని చూశాను. పది వేళ్లూ ఉన్నాయి. "నువ్వు చెప్పింది నిజమే. పద, ఇంటికి పోదాం" అన్నాను. బస్సులో హోసూరు దాటకముందే నా భుజం మీద పడి నిద్రపోయింది. ఆంబూరు వచ్చేదాకా లేవలేదు. నోరు తెరుచుకుని, చొంగ కార్చుకుంటూ నిద్రపోయింది. నా చెల్లెల్ని నేను కాపాడుకున్నాను అనుకున్నాను.

పది రోజుల తర్వాత సెల్వి ఫోన్ చేసింది.

"మీ పుణ్యమక్కా. ఇప్పుడు ఎవరూ వచ్చేది లే. అందరం నిమ్మళంగా పండుకుంటాండాం. మీరు తాళం వేయించిన రాత్రి మాత్రం గ్రిల్లు కదిలింది."

"గ్రిల్లు కదిలిందా?"

"అవునక్కా. గట్టిగా కాదు. మెల్లగా... శానా సేపు. మేం నలుగురం విన్నాం. ఎవరూ లేవలే. మళ్లా నిలిచిపోయినాది."

"గాలేమో" అన్నాను.

"ఏమోక్కా. వాన కూడా పడతాండింది."

పక్కన కూర్చుని బియ్యం ఏరుతున్న ఎస్తేరు అంతా విన్నది. "తాళం నువ్వే వేయించినావా అక్కా?" అంది. అవునన్నాను. చేట పక్కన పెట్టి లోపలికి పోయింది.

అప్పటినుంచీ నాకు ఇదే ఆలోచన. లైను ఆపి ఇళ్లకు పంపించేశామన్నారు. పోవడానికి ఇల్లుందా అని ఒక్కరైనా అడిగారా? ఎక్కడో పాచిపని చేసుకుంటూ, పడుకునే చోటు లేక, తెలిసిన మంచమని, తెలిసిన దిండని... బురదలో నడిచి వచ్చేదేమో. ఐదు నిమిషాలు అడిగింది. నేను తాళం వేయించాను.

కాదు, కాదు. ఊపిరి లేదు కదా. మేలుకున్న సెల్వికి కనిపించలేదు కదా. మనిషైతే నా తల కింద దిండు తిప్పితే నాకు తెలియదా? మరి దయ్యమైతే... దానికి తాళం ఒక లెక్కా? గ్రిల్లు పట్టుకుని అంతసేపు ఎందుకు నిలబడుతుంది?

అది దయ్యం కాకూడదని అందరూ దేవుణ్ణి వేడుకుంటారు. నేను రోజూ మోకాళ్ల మీద కూర్చుని, అది దయ్యమే అయి ఉండాలని అడుగుతున్నాను. చచ్చిపోయినవాళ్లు వానకు తడవరు కదా... మీరైనా చెప్పండి, తడవరు కదా?