మంచమా, మిషనా

షార్జా రోలా ప్రాంతంలో నలుగురు ఆడవాళ్లు కలిసి ఉండే ఆ ఫ్లాట్‌లో బేబీకి తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఎవరి మేడమ్ జీతం పెంచింది, ఎవరి మేడమ్ జీతమివ్వకుండా మొహం చాటేసింది, అన్నీ కూపీ లాగేది. మలికిపురం నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఇళ్లలో పనిచేస్తోంది. సెలవురోజున హాలు మూల కుట్టుమిషన్ ముందు కూర్చుని జాకెట్లు కుట్టేది. ఆ మిషనంటే ఆమెకు ప్రాణం. దాని ముందున్నంతసేపూ ఎవరూ పిలిచి పని చెప్పరు మరి.

2024లో అద్దె పెరిగింది. ఫ్లాట్ సైదున్నీసా పేరున ఉంది. హైదరాబాద్ పాతబస్తీ మనిషి, అందరిలోకీ పెద్ద. ఆమె ముగ్గురినీ కూర్చోబెట్టింది.

"రెండే తొవ్వలున్నయ్. మిషన్ తీసి ఆ మూలకు మంచమేస్తే కొత్త మనిషొస్తది, మన కిరాయి పెరగదు. లేదంటే నెలకు తలా వంద దిర్హాములు ఎక్కువ కట్టాలె. ఓటేసుకుందాం. మంచానికి శనగగింజ, మిషన్‌కు పెసరగింజ. ఒక్కొక్కరే వంటింట్లకు పోయి డబ్బాల వెయ్యుండ్రి. సగం సగమైతే మిషన్ కదలదు. ఖలాస్!"

బేబీ ఊరుకుంటుందా? ఓటు రోజు దాకా ఒక్కొక్కరి వెనకా తిరిగింది.

"నీ మిషన్ జోలికి ఎవరొస్తారక్కా? నా జాకెట్లన్నీ నువ్వు కుట్టినవే కదా!" అంది అమలాపురం శ్రీదుర్గ.

రాయచోటి వజీరాబీ కసిరింది. "ఎన్నిసార్లడుగుతావు మే? నేనేమన్నా నీకు పగదాన్నా?"

"ఓటు నాడు తెలుస్తది తియ్" అని నవ్వింది సైదున్నీసా.

ఎవరి మాటా బేబీకి నమ్మబుద్ధి కాలేదు. శ్రీదుర్గ కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే పిల్ల. వజీరాబీ బస్సు డబ్బులు మిగులుతాయని మండుటెండలో నడిచొస్తుంది. ఇలాంటి వాళ్లు నెలనెలా వంద వదులుకుంటారా?

ఓటు రోజున బేబీ పెసరగింజ పట్టుకునే వంటింట్లోకి వెళ్లింది. తీరా డబ్బా ముందు నిలబడ్డాక ఊళ్లో కట్టాల్సిన చీటీ గుర్తొచ్చింది. ఈమధ్య అందరూ రెడీమేడ్ జాకెట్లే కొంటున్నారు, మిషన్ మీద నెలకు వంద కూడా రావడం లేదు. మనసు పీకుతూనే ఉంది. అయినా చెయ్యి శనగల వైపే వెళ్లింది.

సైదున్నీసా డబ్బాను పళ్లెంలోకి వంచింది. మూడు శనగలు, ఒక్క పెసర.

"నీదొక్కటే పడింది కదక్కా!" శ్రీదుర్గ కళ్ల నీళ్లు పెట్టుకుంది. వజీరాబీ తల వంచుకుంది. సైదున్నీసా బేబీ వీపు నిమిరి, "మాఫ్ చెయ్ బిడ్డా" అంది.

బేబీ పళ్లెంలోకి మళ్లీ చూసింది. ఆ పెసరగింజ ఈ ముగ్గురిలో ఒకరిది. తానూ పెసరే వేసి ఉంటే సగం సగమయ్యేది, మిషన్ ఉండేది. ఎవరిది? ముగ్గురి మొహాల్లోకీ మార్చి మార్చి చూసింది. అడగాలని ప్రాణం కొట్టుకుంది. అడిగితే తన శనగగింజ బయటపడుతుంది. ఆ పెసర వేసిన మనిషికి మాత్రం అది ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

"పోన్లెండి, నాదొక్కటేగా" అంది బేబీ.

ముగ్గురిలో ఎవరూ కాదనలేదు.