మరీ కిందికి దిగిన గీత

మా ల్యాబులో నా పక్కబల్ల అమ్మాయిని అందరూ అనుమానప్పక్షి అంటారు. మంచినీళ్లిచ్చినా గ్లాసు వెలుతురులో పెట్టి చూస్తేగానీ తాగదు. ఏం మనిషో! దాని పని సిగ్నల్ పుట్టించే పెట్టెలు తయారుచెయ్యడం, ఆ సిగ్నల్ ఎంత వణుకుతోందో కొలవడం. ఏళ్ల తరబడి టెంపరరీ ఉద్యోగమే. ఈసారి కమిటీ ముందు, తెరమీద వణుకు చూపించే గీత ఎర్ర హద్దు కిందికి దిగితే పోస్టు పర్మనెంటు.

కమిటీ వచ్చే రోజు పొద్దున్నే గీత దిగింది. దిగడమంటే అలా ఇలా కాదు! మా హెడ్డు చప్పట్లు కొట్టాడు. ఇది మాత్రం మొహం ముడుచుకుంది.

"అక్కా, నువ్వేమైనా ముట్టుకున్నావా?"

నాకు ఒళ్లు మండింది. "గీత బాగుంటే నా మీద పడతావేంటే?"

"ఇంత బాగా రాకూడదక్కా" అంటూ బల్ల కిందికి దూరింది. దొరికింది. బల్ల శుభ్రంగా కనపడాలని హెడ్డుగారు నిన్న సాయంత్రం పెట్టెలకి లయ ఇచ్చే క్లాకుల్లో ఒకటి తీసేసి, రెండు పెట్టెలకీ ఒకే క్లాకు తగిలించాడట. ఈ అమ్మాయి చేసిన పెట్టె, దాన్ని పోల్చి చూసే పెట్టె, రెండూ ఒకే క్లాకు మీద నడిస్తే ఆ క్లాకు వణుకు రెండింట్లోనూ ఒకేలా ఉంటుంది, తేడా కనపడదు. ఇద్దరు తాగుబోతులు భుజాలు పట్టుకుని ఊగుతుంటే ఒకడికొకడు నిటారుగానే కనిపిస్తాడుగా, అంతే.

తెలిసే చేశాడా? నాకిప్పటికీ అనుమానమే. "ముందు పోస్టు చేతికి రానివ్వమ్మా, తర్వాత చూసుకుందాం" అన్నాడు మెల్లగా. నేనూ ఊరుకోమని సైగ చేశాను. వింటేనా! కేబుల్ పీకి, దేని క్లాకు దానికి తగిలించింది. గీత లేచి, హద్దుకి వెంట్రుకవాసి పైన ఆగింది.

అది కుర్చీలో కూలబడింది. కళ్లలో నీళ్లు. "నా కళ్లని నేను నమ్మలేనక్కా. నువ్వోసారి చూడు."

చూశాను. ప్రతి కేబుల్ పీకి పెట్టాను, ప్రతి బిగింపూ కదిపాను. ఎక్కడో ఒక తప్పు దొరకాలని, గీత ఆ కాస్తా దిగాలని లోపల్లోపల మొక్కుకున్నాను. ఇన్నాళ్లూ దాని అనుమానాన్ని వెక్కిరించిన దాన్ని, ఇప్పుడు ఆ కొలతని దానికన్నా ఎక్కువ అనుమానించాను. ఏమీ దొరకలేదు. కమిటీవాళ్లు మెట్లెక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎక్కడా తప్పులేదే తల్లీ" అన్నాను. అది కళ్లు తుడుచుకుని వెళ్లి తలుపు తీసింది.