తీసేశానని చెప్పిన పేజీ

ఫోన్లో తెలియని నంబరు కనిపిస్తే నేను వెంటనే ఎత్తను. నా వెంట పడే అప్పులవాళ్లెవరూ లేరు, కోర్టు కేసులూ లేవు. ఉన్నదల్లా ఒక అబద్ధం. మా ఇంటి గుమ్మంలో నిలబడి ఒక ఆడపిల్లకు చెప్పాను. ఏళ్లు గడిచినా దాని బరువు కాస్త కూడా తగ్గలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

పేర్లు మార్చాను. ఈసారైనా మార్చాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా కాలనీ మహిళా సంఘానికి చాలాకాలం నేనే కార్యదర్శిని. నీళ్ల ట్యాంకరువాడితో పోట్లాడాలన్నా, వీధిలో ఇసుక కుప్ప పోసిన బిల్డరుని నిలదీయాలన్నా నన్నే ముందుకు తోసేవారు. డిగ్రీ చదివాను, నోరుంది, ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేలోపే జవాబు సిద్ధంగా ఉంటుంది. వాదనలో ఓడిపోవడం నాకు తెలియదు. అదేదో గొప్ప అనుకునేదాన్ని.

సంఘానికి ఏటా ఒక స్క్రాప్‌బుక్ ఉండేది. డ్రాయింగ్ షీట్లు కలిపి కుట్టి, ముగ్గుల పోటీ ఫొటోలు, బతుకమ్మ ఫొటోలు, ఆహ్వాన పత్రికలు, మా గురించి పేపర్లో వచ్చిన ముక్కలు అంటించేవాళ్లం. కింద వివరాలు రాసేది నేను. బీరువాలో చెమ్మ తగిలి ఫొటోలు ఒకదానికొకటి అతుక్కుపోతుంటే, అన్నిటినీ స్కాన్ చేసి వెబ్‌సైట్‌లో పెడదామన్నాను. మామూలుగా కాదు, పుస్తకంలాగే, వేలితో తోస్తే పేజీ మడత పడి తిరిగేలా. నానా తంటాలు పడి నేర్చుకున్నాను. లింకు ఎవరికీ పంపకముందు మీటింగులో మొదటి ఆల్బమ్ తెరిచి చూపిస్తే, పేజీ తిరిగే చప్పుడుకు ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు. "గిదేంది, నిజం పుస్తకం లెక్కనే ఉన్నది!" అంటూ ఒకరి చేతిలోంచి ఒకరు ఫోన్ లాక్కున్నారు.

స్వరూప నవ్వలేదు.

స్వరూప మా సంఘం కుట్టు తరగతిలో నేర్చుకున్న అమ్మాయి. పోచంపల్లి వైపు నేత కుటుంబం. తాగి కొట్టే మొగుణ్ని వదిలి, పాపను చంకనేసుకుని ఎల్బీనగర్ చేరింది. తరువాత మన్సూరాబాద్‌లో బ్లౌజులు కుట్టే కొట్టు పెట్టుకుంది. ఆమె ఎక్కడుందో తన వాళ్లలో ఒక్క చెల్లెలికే తెలుసు. పేరు మంజుల. కొట్టు తెరిచిన రోజు రిబ్బను కత్తిరించింది నేను. ఆ ఫొటో ఆ మొదటి ఆల్బమ్‌లోనే ఒక పేజీ నిండా ఉంది. మధ్యలో కత్తెర పట్టుకుని నేను, పక్కన స్వరూప. కింద నా చేతిరాతతో ఆమె పేరు, మన్సూరాబాద్‌లో సొంత కొట్టు అన్న మాట.

మీటింగయ్యాక స్వరూప నన్ను పక్కకు పిలిచింది. గా ఫొటో ఒక్కటి మాత్రం పెట్టకు అక్కా, ఆయన చూస్తే ఇడిసిపెట్టడు అంది. సరేనన్నాను.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని నాతో నేనే వాదనకు దిగాను. ఒక పేజీ తీస్తే వెనకవన్నీ జరుగుతాయి. ఎడమ పేజీ కుడికి వస్తుంది, ఎదురెదురుగా ఉండాల్సిన ఫొటోలు విడిపోతాయి. నిజమే. కానీ ఆ చోట ఖాళీ పేజీ ఒకటి పెడితే ఏదీ జరగదు. ఆ సంగతి అప్పుడు తట్టలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. తట్టింది. మరి ఎందుకు పెట్టలేదు? ఆ పుస్తకం మొత్తంలో నేను మధ్యలో నిలబడ్డ ఫొటో అదొక్కటే. మిగతావాటిలో ఏ చివరో, ఎవరి భుజం వెనకో, సగం మొహం. అయినా మా కాలనీ ముగ్గులు చూడ్డానికి వాడు పనిగట్టుకుని వస్తాడా అనుకున్నాను. ఉంచేశాను. ఆ లింకు నాకున్న ప్రతి వాట్సాప్ గ్రూపుకూ పంపి, మీవాళ్లందరికీ పంపండని కూడా రాశాను.

కొన్నాళ్లకు వెబ్‌సైట్ ద్వారా ఒక మెసేజ్ వచ్చింది. ఎవరో మగాయన. ఆల్బమ్ చాలా బాగుందట. వాళ్లావిడకు బ్లౌజులు కుట్టించాలట, ఆ కొట్టు మన్సూరాబాద్‌లో ఎక్కడో చెబుతారా అని. ఎంత మర్యాదగా రాశాడో! స్వరూపకు ఒక బేరం తగిలిందని సంబరపడ్డాను. ఏ సందులో తిరగాలో, ఎదురుగా ఏముంటుందో గుర్తులతో సహా రాసి పంపాను. నా పేరు చెప్పండి, బాగా కుట్టి పెడుతుంది అని చివర్లో తగిలించాను.

ఇక్కడిదాకా రాసి కాసేపు ఆగాను.

ఆ తరువాత ఒక మధ్యాహ్నం స్వరూప మా గుమ్మంలో నిలబడింది. పాప కొంగు పట్టుకుని ఉంది. స్వరూప పెదవి చిట్లింది. మొగుడు కొట్టుకు వచ్చాడట. పక్క షాపులవాళ్లు పోగై విడిపించారట. మళ్లీ వస్తా, పిల్లను తీసుకుపోతా అని బెదిరించి వెళ్లాడట. లోపలికి రమ్మన్నాను. రాలేదు.

"ఒక్కటే అడుగుత అక్కా. గా పుస్తకంల నా ఫొటో పెట్టినవా?"

ఆమె చేతిలో ఉన్నది బటన్ల ఫోను. తెరిచి చూసుకునే వీలు లేదు. ఆ సంగతి కూడా ఆ క్షణంలోనే గమనించాను. అదీ నా బుద్ధి.

"లేదు. తీసేశాను."

"నిజంగనా? తప్పు పట్టకక్కా. పరేషాన్ల అడుగుతున్న."

"నన్నే అనుమానిస్తున్నావా స్వరూపా? నువ్వెక్కడున్నావో ఇంకెవరికి తెలుసో, ముందు అది ఆలోచించుకో."

చూశారా? అబద్ధంతో ఆగలేదు నేను. అలవాటు కొద్దీ ఎదురుదాడికి దిగాను. ఆమె పాపను దగ్గరికి లాక్కుంది.

"ఇంకెవ్వలకెర్క? మా మంజులకే. అంటే గదే చెప్పిందన్నట్టు."

కాదనడానికి ఎంతసేపు పడుతుంది? అనలేదు. పాప నా వైపే చూస్తోంది. నేను తలుపు గొళ్లెం వైపు చూశాను.

ఆమె గేటు దాటగానే కంప్యూటర్ తెరిచి ఆ పేజీ తీసేశాను. ఆ చోట లేత గులాబీరంగు ఖాళీ పేజీ పెట్టాను. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోయింది. ఒక్క ఫొటో కూడా పక్కకు జరగలేదు. నేను పంపిన జవాబు కూడా చెరిపేశాను, నా వైపున. వాడి దగ్గరున్నది ఎలా చెరుపుతాను?

స్వరూప కొట్టు ఖాళీ చేసి ఎటో వెళ్లిపోయింది. నువ్వే చెప్పావంటూ చెల్లెలితో మాట తెంచుకుంది, ఎక్కడికి వెళ్తోందో ఆమెకు కూడా చెప్పలేదు. కొన్ని నెలలకు మంజుల హయత్‌నగర్ నుంచి మా ఇంటికి వచ్చి ఏడ్చింది. "నేనెవ్వలకు చెప్పలే మేడం. మా పిలగాని మీద ఒట్టు. మీ మాటంటె మా అక్క ఇంటది, జర మీరన్న చెప్పున్రి." మంచినీళ్లిచ్చాను. స్వరూప ఫోన్ కలవడం లేదన్నాను. అది నిజమే, అందుకే గొంతు తడబడలేదు. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల నాకు దండం పెట్టింది.

అప్పటి నుంచి పేపర్లో మొగుడి చేతిలో ఎవరో చనిపోయారన్న వార్త కనిపిస్తే, పేరు చూసేదాకా ఊపిరాడదు. స్వరూప కోసమే అంత భయమని మీతో అనాలని ఉంది. కానీ ఎవరి ఫోన్లోనైనా ఆ పాత పేజీ మిగిలి ఉందేమో, నా గుట్టు బయటపడుతుందేమో అన్న భయమే పెద్దదైన సంవత్సరాలూ ఉన్నాయి. ఒకసారి నెట్‌లో వెతుకుదామని ఆమె పేరు టైపు చేసి ఆపేశాను. నాకు దొరికితే వాడికీ దొరుకుతుంది. దొరక్కపోతే ఏమనుకోవాలి? ఎక్కడో భద్రంగా ఉందనా? అసలు లేదనా?

మంజుల దగ్గరికి ఒకసారి వెళ్లాను. హయత్‌నగర్‌లో బస్సు దిగి, వాళ్ల వీధి మొదటిదాకా నడిచి, అక్కడే రెండు సొరకాయలు కొనుక్కుని వెనక్కి వచ్చేశాను. సొరకాయల కోసం అంత దూరమా అని మా ఆయన అన్నందుకు ఆయన మీద విరుచుకుపడ్డాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. మీరు తిడితే మీతోనూ వాదిస్తాను, నా సంగతి నాకు తెలుసు. అందుకే నాకు వాదించే వీలివ్వకుండా ఈ ఒక్క మాట వినండి. ఇన్నేళ్లలో ఎప్పుడూ నోటితో అనలేదు. ఇప్పుడు రాస్తూ పైకే అంటున్నాను.

మంజుల ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పింది నేను.