కామా సారు ఏడు గంటల మాట

మా అమ్మాయి క్లాసు టీచరును నేను చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. ఎరగడమేమిటి, తయారు చేసిందే నేను. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వాడు గోడవైపు, నేను దారివైపు. వాడికి మాట తడబడేది, పదం పదానికీ చిన్న ఆగుడు. అందుకని వాడికి 'కామా' అని పేరు పెట్టాను. మర్నాటికి బడంతా ఆ పేరుతోనే పిలిచింది. పేర్లు పెట్టడంలో నా చెయ్యి మంచిది.

వాడు ఆగినచోట నేను అందుకునేవాణ్ణి. వాడు "మం... మం..." అంటే, "మంచినీళ్ళు తాగొస్తాడటండీ" అని నేను ముగించేవాణ్ణి. పొద్దున్నే హాజరు పిలిస్తే నా నంబరుకు నా గొంతుతో, వాడి నంబరుకు కాస్త సన్నం చేసిన గొంతుతో "ప్రెజెంట్ సార్" అనేవాణ్ణి. ఏ మేష్టారూ పట్టుకోలేదు. ఒకసారి ఇద్దరం బడి ఎగ్గొట్టి గోడ అవతల ఆడుకుంటుంటే, అక్కణ్ణుంచే ఇద్దరి హాజరూ పలికేశాను. రిజిస్టరులో టిక్కు పడింది. నమ్మకపోతే మీ ఖర్మ.

ఏడులో లెక్కలకు నాకు పదకొండు మార్కులొచ్చాయి. ఆ బడి నా స్థాయికి సరిపోదని తేల్చుకుని మోటార్ల వైండింగ్ షాపులో చేరాను. ఇప్పుడు ఆ షాపు నాదే. ఏ ఫ్యానుకు రాగితీగ ఎన్ని చుట్లు పట్టాలో కళ్ళు మూసుకుని చెబుతాను. నేను చుట్టిన ఫ్యాను ఒకటి ఎంత ఊపుగా తిరిగిందంటే, ఆ ఇంటివాళ్ళు మంచాన్ని తాడుతో కిటికీకి కట్టుకుని పడుకున్నారు. ఈ కథంటే మా అమ్మాయికి ప్రాణం. రోజూ సాయంత్రం చెప్పించుకునేది. మొదట్లో తాడు ఒకటే. చెప్పగా చెప్పగా మూడయ్యాయి.

అదంతా అది ఐదో తరగతికి రాకముందు మాట.

ఈ ఏడాది కామా బదిలీ మీద వచ్చి ఐదో తరగతి టీచరయ్యాడు. వస్తూనే తల్లిదండ్రుల ఫోన్లన్నీ కలిపి ఒక గ్రూపు పెట్టాడు. మిగతా టీచర్లు నోటీసు రాసి పంపుతారు. వీడు గొంతు పంపుతాడు. చదవడం రాని తల్లులుంటారు, చేతులు పనిలో ఉన్న తండ్రులుంటారు, వినడానికి చెవులు చాలు కదా అని వాడి లెక్క. సాయంత్రం ఏడింటికి రెండు నిమిషాల వాయిస్ మెసేజ్. ఇవాళ క్లాసులో ఏం జరిగింది, రేపటికి ఏం తేవాలి, ఎవరి పిల్ల మొదటిసారి చెయ్యెత్తి ప్రశ్న అడిగింది, అన్నీ అందులోనే. తడబాటు తడబాటుగానే ఉంటుంది. కత్తిరించి పంపడు.

ఏడయ్యేసరికి మా అమ్మాయి నా ఫోను లాక్కుని, షాపులో వార్నిష్ డబ్బా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది. గుక్కతిప్పుకోకుండా నేను చెప్పే కథకు నలభైసార్లు అడ్డం తగిలే పిల్ల, వాడు ఒక్క మాట దగ్గర ఆగితే ఊపిరి బిగబట్టి ఎదురుచూస్తుంది. ఒళ్ళు మండదూ?

"పిల్లలూ, రేపు మనం భ... భ..." అంటోంది ఫోను.

"భాగహారం!" అన్నాను, చేతిలో తీగ వదలకుండానే.

"నాన్నా! నువ్వు చెప్పకు!"

"వాడు చెప్పేలోపు నేనొక మోటారు చుట్టేస్తానే!"

"చుట్టుకో. మేం ఆగుతాం."

'మేం' అట! క్లాసంతా ఒక జట్టు, కన్నతండ్రి పరాయివాడు. ఆ మెసేజ్ మూడుసార్లు విన్నది. మంచం కథ మొదలుపెడితే, "అది తెలిసిందే కదా నాన్నా" అని లేచిపోయింది.

మర్నాడు సరిగ్గా ఏడింటికి గ్రైండింగ్ మిషను ఆన్ చేశాను. పిల్ల ఫోను పట్టుకుని ఇంట్లోకి పోయింది. ఆ మర్నాడు ఫోనులో చార్జింగ్ లేదన్నాను.

"కరెంటు పనివాడి ఫోనులో చార్జింగ్ ఉండదా?" అంది మా ఆవిడ. "సవతి మీద కూడా ఇంత కుళ్ళుండదు. ఆయన పాఠం చెప్పుకుంటుంటే మీకు కడుపుమంటేమిటి?"

"నాకా? వాడి మీదా? వాడి నోరే నేను కదే!"

"అందుకే కాబోలు. ఇప్పుడు మీకు పని లేకుండా పోయింది."

అనేసి బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. తగిలింది నాకు కదా.

నాకూ గొంతుందని కామాకు విడిగా పదకొండు నిమిషాల మెసేజ్ పెట్టాను. మంచం కథ, నాలుగో తాడుతో సహా. రెండో నిమిషానికల్లా బొటనవేలు బొమ్మ వచ్చింది. పదకొండు నిమిషాల కథ రెండు నిమిషాల్లో ఎవడు వింటాడు? ఆ వేలు చూశాక నాకు అన్నం దిగలేదు.

ఇంతలో శనివారం పేరెంట్స్ మీటింగ్ అని కబురొచ్చింది. సరే, చూసుకుందాం అనుకున్నాను. నిండు క్లాసులో వాడు ఆగుతాడు. నేను లేచి ఠక్కున అందుకుంటాను. ఈ కామాను మోసిన నాలుక ఎవరిదో అందరూ చూస్తారు. అందరూ ఎందుకు, మా అమ్మాయి చూస్తే చాలు.

పిల్లల బెంచీలు కదా, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. నేను దారివైపు, మా అమ్మాయి గోడవైపు. కామా చొక్కా చేతికి సుద్దపొడి అంటుకుని ఉంది. అందరికీ నమస్కారం పెట్టి మొదలుపెట్టాడు.

"ఈ నెల మేం ముఖ్యంగా నేర్చుకుంది భ... భ..."

నా నాలుక కొసకు వచ్చి కూర్చుంది ఆ మాట. వెనక ఎవరో దగ్గారు. ఒకాయన తల వంచుకుని ఫోను చూసుకున్నాడు. నేను సగం లేచాను. మా అమ్మాయి చెయ్యి వచ్చి నా చొక్కా అంచు పట్టుకుంది. నా వైపు చూడలేదు, సారునే చూస్తోంది. చుట్టూ చూశాను. పిల్లల్లో ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ అందివ్వలేదు. రోజూ వచ్చే బస్సు కోసం నిలబడ్డట్టు ఊరికే ఆగి ఉన్నారు.

కూర్చున్నాను. పెద్ద మోటారును భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కినవాణ్ణి, ఒక్క మాట మింగడానికి చెమటలు పట్టాయి. ఆ నిశ్శబ్దం గంటసేపు సాగింది. నాలుగు సెకన్లే అని మా అమ్మాయి అంటుంది. దానికి లెక్కలు చెప్పేదెవరో మీకు తెలుసు కదా.

"భాగహారం," అన్నాడు కామా. ఏమీ జరగనట్టు మిగతాది చెప్పుకుపోయాడు.

అందరూ వెళ్ళాక మా బెంచీ దగ్గరికి వచ్చాడు. మా అమ్మాయి జరిగితే గోడవైపు కూర్చున్నాడు.

"ఏరా, ఇవాళ నోరు మూసుకున్నావే?"

"గొంతు బాగాలేదు."

"నువ్వు బడి మానేశాక వారం రోజులు నాకు ఆబ్సెంట్ పడింది, తెలుసా?"

"ఏం, రాలేదా?"

"రోజూ వచ్చాను. నీ ఖాళీ పక్కనే కూర్చున్నాను. నాకు మాట వచ్చేలోపు మేష్టారు తర్వాతి నంబరుకు వెళ్ళిపోయేవారు. ఎనిమిదో రోజు లే... లేచి నిలబడ్డాను. మాట వచ్చేదాకా కూర్చోలేదు."

బెంచీ మీద పడ్డ సుద్దపొడి చేత్తో తుడిచాను.

"చూశావా! నువ్వు టీచరు కావడానికి నేను చదువు త్యాగం చేశాను."

"అవునా సార్?" అంది మా అమ్మాయి. "ఏడులో మా నాన్నకు లెక్కల్లో తొంభై ఒకటి వచ్చాయట. నిజమేనా?"

కామా నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"ప..." అన్నాడు. "ప... ప..."

పదకొండు! అందుకుని ఏదో ఒకటి అనేద్దామంటే చొక్కా అంచు మళ్ళీ దాని చేతిలో ఉంది. ఆగాం.

"పక్కవాడి మార్కులు చూడకూడదమ్మా," అన్నాడు కామా. "నేనెప్పుడూ చూడలేదు."

పరీక్ష కాగితాలు ఇచ్చినప్పుడల్లా నాకంటే ముందు నా మార్కులు చూసినవాడు! మా అమ్మాయి తల ఊపింది. నమ్మేసింది, ఒక్క ప్రశ్నయినా వేయకుండా. నా మంచం కథకు నాలుగు తాళ్ళు కట్టినా ఈమధ్య నమ్మని పిల్ల.

చదువు వాడిది, ఫోను వాడిది, పిల్లలు వాడి మాట వింటారు. పోనీలే అనుకున్నాను. అబద్ధం ఒక్కటి నాకు మిగిలింది. అందులోనూ వాడే నయమని తేలాక, ఇంటికి నడిచినంతసేపూ కుళ్ళుకుంటూనే ఉన్నాను.