రెండు చాటలంత వెలుతురు

మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. నారాయణగూడలోని ఒక ఆస్పత్రిలో, తెల్లవారుతుండగా గుండె ఆగిపోయింది. ఫోను చేసిన మా తమ్ముడు "అత్త పోయిందక్కా" అన్నాడు.

చిక్కడపల్లిలో ఒక హాలు తీసుకుని సంతాపసభ పెట్టారు. ఆమె భర్త, అంటే మా మామయ్య, మైకు అందుకుని గొంతు సవరించుకుని, "నా భార్య నన్ను ఏనాడూ ఏదీ అడగలే. గసుంటి ఇల్లాలు ఆమె" అన్నాడు. ముందు వరసలో పెద్దమనుషులు తలలూపారు. ఒకాయన కళ్లు కూడా ఒత్తుకున్నాడు. పోయిన మనిషి నోరు మూసి, ఆ మూసిన నోటికి దండ వేయడం మనవాళ్లకు బాగా వచ్చిన విద్య. అడగలేదట! అడిగింది. ఒకసారి కాదు, ఎన్నోసార్లు. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను, నా చెవులతో విన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

గ్రూప్స్ పరీక్షలకు చదువుకోవడానికి ఊరి నుంచి వచ్చినప్పుడు నన్ను అశోక్‌నగర్‌లోని తన ఇంట్లో పెట్టుకున్నది ఆమే. "హాస్టల్ల నీళ్లపప్పు దిని ఏం సదువుతవ్ బిడ్డా, మనింట్లనే ఉండు" అంది. ఒక్క అంతస్తు ఇల్లు. అప్పటికే రెండు పక్కలా హాస్టళ్లు లేచి గోడలకు గోడలు ఆనించేశాయి. కిటికీ తెరిస్తే పక్కవాళ్ల సిమెంటు తప్ప మరేమీ కనిపించదు. అన్నిటికంటే అన్యాయమైంది వంటిల్లు. మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ ట్యూబ్‌లైటు వెలగాలి.

ఇక పైకప్పులోంచే వెలుతురు తెచ్చుకోవాలని ఇంట్లో తీర్మానమైంది. హిమాయత్‌నగర్ నుంచి ఒక ఇంజనీరు వచ్చి ఇల్లంతా తిరిగి చూశాడు. వంటింటికి ఒకటి, నడవకు ఒకటి, హాలుకు ఒకటి, కప్పులో గాజు బిగించే మూడు చిన్న స్కైలైట్లు పెట్టుకోమన్నాడు. మన ఎండలకు పెద్దవి పనికిరావని కూడా చెప్పాడు. మామయ్య అంతా విని, ఆయన వెళ్లిపోయాక తన తెలివి బయటపెట్టాడు.

"మూడు సిన్నయి ఎందుకు? మూడు గల్పి హాల్ల ఒక్కటే పెద్దది పెడితే దర్జాగుంటది."

"మరి వంటింటికి?" అని అడిగింది అత్త.

"వంటింట్ల ఎవలు జూస్తరే?"

ఆమె ఎన్నిసార్లు అడిగినా ఆయనది అదే మాట. ఆ ప్రశ్నకు ఆమె తర్వాత చాలా రోజులు నాతో జవాబు చెప్పేది. "ఆయనకు ఇంట్లకెల్లి ఆకాశం గావాలె. నాకు పప్పుల రాళ్లు కనవడాలె. గింతే గదా నేనడిగింది?"

హాలు నడినెత్తిన మంచమంత గాజు వచ్చింది. చలికాలం ఉదయాల్లో మామయ్య బంధువులను పిలిచి, కింద సోఫాలో కూర్చోబెట్టి, తలలు పైకెత్తించి చూపించేవాడు. ఏనాడూ వంటింట్లో దీపమైనా మార్చని మనిషి, సూర్యుణ్ణి తనే కనిపెట్టినట్టు మాట్లాడేవాడు. వేసవి రాగానే ఆ దర్జా పొయ్యి మీద పెట్టిన కుండలా కాగింది. సోఫా రంగు వెలిసింది. టీవీలో బొమ్మ కనపడదు. మామయ్య కుర్చీ పట్టుకుని గది మూలమూలకీ నీడ వెతుక్కునేవాడు. అయినా తప్పు ఒప్పుకోలేదు. చివరికి గాజు మీద పచ్చ నెట్ కప్పించి, "ఇప్పుడందరు గిట్లనే ఏస్తున్నరు" అన్నాడు. వెలుతురు కోసం కప్పు పగలగొట్టి, ఆ వెలుతురు మీద ముసుగు కప్పిన మనిషిని నేను ఆయన్నే చూశాను.

ఆ ఎండల్లోనే ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. చీకటి వంటింట్లో అత్త గంజి వంపుతోంది. గిన్నె అంచు కనపడలేదు. వేడి గంజి కాలి మీద పడింది. నేను చన్నీళ్లు పోస్తుంటే మామయ్య గుమ్మంలో నిలబడి, "జర సూస్కోవద్దా?" అన్నాడు.

"సూస్కుందామంటే కనవడాలె గద" అంది అత్త, పళ్లు బిగపట్టి.

కాలు మానింది. మచ్చ మిగిలింది. మామయ్య కరీంనగర్‌లో ఏదో పెళ్లికి వెళ్లి రెండు రోజులు ఉంటానన్నాడు. ఆయన ఆటో సందు మలుపు తిరిగిందో లేదో, అత్త కొంగు దోపుకుని పక్క హాస్టల్ కడుతున్న పాలమూరు మేస్త్రీని పిలుచుకొచ్చింది.

"ఎంత పెద్దది గావాలమ్మా?" అని అడిగాడతను.

అత్త రెండు చాటలు తెచ్చి వంటింటి నేల మీద పక్కపక్కన పెట్టింది. పొయ్యి దగ్గర నిలబడి చూసుకుంది. తన నీడ తన పని మీద పడకూడదని వాటిని కొంచెం ముందుకు జరిపింది. "ఇగో, గింత. ఎక్కువద్దు. పొయ్యి వేడి సాలు నాకు, సూర్యుని వేడిగూడ ఎందుకు?"

"రెండు పెట్టుకోరాదమ్మా? అటొకటి, ఇటొకటి."

"ఒకటి సాలు. ఒకటి గూడ ఇయ్యనోళ్ల ఇంట్ల ఒకటంటే శానా."

స్లాబు కొట్టి, చుట్టూ గట్టు కట్టి, మందపాటి గాజు బిగించేసరికి మర్నాడు సాయంత్రమైంది. ఆ మరుసటి ఉదయం వెలుతురు దిగగానే అత్త వంటింటిని చూసి నోరెళ్లబెట్టింది. గోడలన్నీ నూనె పొగ, జిడ్డు, మసి. "ఓయమ్మా, ఇన్నేండ్లు ఈ గుహల వండి పెట్టిన్నా నేను?" అని, మొదట నవ్వింది. తర్వాత స్టూలు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. లేచి, సున్నం తెమ్మని నన్ను కవాడిగూడ వైపు పంపింది.

మామయ్య ఆ పూటే వచ్చాడు. పెరట్లో స్లాబు ముక్కలు చూసి ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "ఎవర్నడిగి పగలగొట్టినవ్?"

అత్త సున్నపు బ్రష్షు కింద పెట్టలేదు. "నా కాలు ఎవర్నడిగి కాలింది?"

కొన్నాళ్లు ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఇంట్లో ఎవరికీ దానివల్ల నష్టం కలగలేదు. మే నెల ముదిరాక హాలులో నిలవలేక, ఒకరోజు పేపరు చేతబట్టుకుని కుర్చీతో సహా వంటింటి గుమ్మానికి వచ్చాడు. ఇంట్లో హాలుకంటే చల్లగా ఉంటూ అక్షరం కనిపించే చోటు అదొక్కటే మరి. దర్జా గల మనుషులు ఓడినప్పుడు ఇలా చప్పుడు చేయకుండా వచ్చి మన నీళ్లే తాగుతారు. అత్త పొమ్మనలేదు. "గడప అవతల్నే ఏస్కో కుర్సీ. లోపలికొస్తే నీ నీడ వడ్తది" అంది. ఆయన అవతలే వేసుకున్నాడు.

అలా ఆ వెలుతురులోనే ఆమె నాకు వండి పెట్టింది. పీట మీద కూర్చుని నేను పాఠాలు పైకి చదివేదాన్ని, ఆమె కూరగాయలు తరుగుతూ వినేది. అర్థం కానిచోట ఆపి, "మల్ల సెప్పు, నీకు సమజైందా లేదా తెలుస్తది" అనేది. నాకు ఉద్యోగం వచ్చిందంటే అందులో సగం ఆ వంటింట్లో చదివిందే. ఆ సభలో ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. మైకు చేతికొచ్చినవాళ్లంతా ఆమె సహనాన్నే పొగిడారు. సహనమట!

నాకు ఆమెను తలచుకుంటే ఒక పొద్దున గుర్తొస్తుంది. పైన గాజు మీద ఒక పావురం వాలి అటూ ఇటూ నడుస్తోంది. కింద పొయ్యి మీద చారు మరుగుతోంది. అత్త గరిటె పట్టుకుని తల పైకెత్తి, "ఇగ సూడే, దీని అరికాళ్లు ఎంత ఎర్రగున్నయో!" అని చిన్నపిల్లలా నవ్వింది. హాలులోంచి మామయ్య "చాయ్ ఏది?" అని కేక వేశాడు. ఆమె పావురం వెళ్లేదాకా అలాగే పైకి చూస్తూ నిలబడింది.