తూనీగ రెక్క, కమలాబాయి పాలక్యాను

మేళ్లచెరువు సిమెంటు దుమ్ము నెరిసిన మీసాలలో ఉండగానే కోదాడ దాటి మిర్యాలగూడ చేరాను. అక్కడ బస్సు దొరికేదే, ఎక్కబుద్ధి కాలేదు. కాలువ గట్టు పట్టుకుని నడుస్తుంటే వేములపల్లి దగ్గర వాన పట్టుకుంది. ఒక తండాలో కమలాబాయి తన చూరు కింద నులకమంచం వాల్చింది. 2014 వానకాలం అది. ఒక రాత్రి అనుకున్నది నెల అయింది. నా ప్రయాణాలన్నీ ఇంతే.

కమలాబాయికి యాభై దాటాయి. పొద్దున్నే మోతి అనే బర్రెను పితికి, అల్యూమినియం క్యానులో పాలు పోసుకుని, గట్టు వెంట నడిచి పాలకేంద్రంలో ఇచ్చి వస్తుంది. ఆ క్యాను తల్లి ఇచ్చింది. ఆడమనిషి శుభ్రాన్ని గిన్నెల మెరుపులో చూసే తండా అది. అందుకని రోజూ మధ్యాహ్నం కాలువ ఇసుక, ఊక బూడిద కలిపి కొబ్బరిపీచుతో లోపలా బయటా తోముతుంది. రవిక మీది అద్దాలు ఆ క్యాను ముందు మసకగా కనిపించేవి.

ఆ నెలలోనే పాలు విరగడం మొదలైంది. కేంద్రంలో పాలు పరీక్షించే జవహర్ చిన్న గాజుగొట్టంలో కాసిని పాలు మరగబెట్టి చూస్తాడు. గడ్డలు తేలితే వాపసు. మొదటిసారి కమలాబాయి ఉక్కపోత అనుకుంది. రెండోసారి మోతికి మిరపకాయలతో దిష్టి తీసింది. వాపసు వచ్చిన ప్రతిసారీ క్యానును ఇంకాస్త గట్టిగా తోమింది. భర్త ఫూల్‌సింగ్ మాత్రం పొదుగులో రోగముందని తేల్చేశాడు. ఇంకొక్కసారి వాపసు వస్తే బర్రెను పశువుల అంగడికి తోలుతానన్నాడు.

"గా క్యాన్ల సందమామను గూడ సూపిస్తున్నవ్. పాలే నిలుస్తలేవు" అని దెప్పాడు.

మోతిని దూడప్పటి నుంచీ కమలాబాయే పెంచింది. ఆ సాయంత్రం దాని మెడ నిమురుతూ చాలాసేపు నిలబడింది.

వాన వెలిసి, తూనీగలు పొలాల మీద మోకాలెత్తున తేలుతున్నాయి. ఒకటి చూరు కింద చచ్చి పడి ఉంది. దాని రెక్క తీసి ఆమె అరచేతిలో పెట్టి, సూర్యాపేట బస్టాండులో పాత పత్రికలో చదివిన సంగతి చెప్పాను. ఆ రెక్క నున్నగా కనిపిస్తుంది గానీ దాని నిండా కంటికందని సన్నటి ముళ్ల అడవి. సూక్ష్మజీవి వచ్చి వాలితే దాని పొర ఆ మొనల మీద సాగి సాగి చిరిగిపోతుందట. మందు లేదు, విషం లేదు, ఉన్నదల్లా ఆ గరుకే. చెబుతూ చెబుతూ నేనే అంత చిన్నవాడినై, ఆకాశమంత రెక్క మీద సూదిచెట్ల మధ్య తిరుగుతున్నట్టు అనిపించింది. ఇంకా కిందికి దిగితే ఏ లోకముందో.

కమలాబాయి రెక్క మీద వేలు రాసింది. గుచ్చుకోలేదేమని అడిగింది. మన వేలికి అంత చిన్నవి తెలియవన్నాను. ఆమె లేచి, క్యాను తెచ్చి వాలుతున్న ఎండకు వంచింది. లోపల ఏళ్ల తరబడి ఇసుక గీసిన గీతలు, దున్నిన మడిలా. గోటితో గీరితే తెల్లటి జిడ్డు వచ్చింది.

"ముల్లు గంత సన్నగుంటే పురుగులు సస్తయ్. గీ సాళ్లు పెద్దగున్నయ్ తాతా. గీండ్ల పండుకుంటయ్" అంది.

ఆ మాట నాకు తట్టనే లేదు. నేనింకా రెక్క మీదే తిరుగుతున్నాను.

తీజ్ పండుగకు తప్ప దించని స్టీలు బిందె ఒకటి ఆమెకుంది. దానికి ఇసుక తగలనివ్వలేదు ఎప్పుడూ. మర్నాడు బిందెనూ క్యానునూ ఒకే వేడినీళ్లతో కడిగి, ఒకే పూట పాలు రెండింటిలో పోసింది. క్యాను నేను పట్టుకున్నాను. వెనకాల ఫూల్‌సింగ్, భుజాన పలుపుతాడు వేసుకుని మోతిని తోలుకొచ్చాడు. కేంద్రం నుంచి అటే అంగడికి పోవాలని.

జవహర్ మొదట క్యాను పాలు మరగబెట్టాడు. గడ్డలు. ఫూల్‌సింగ్ తాడు సవరించుకున్నాడు. కమలాబాయి బిందె ముందుకు జరిపింది. గొట్టంలో పాలు పొంగాయి, దిగాయి, తెల్లగా ఉండిపోయాయి. జవహర్ మరోసారి మరగబెట్టి చూశాడు.

"బర్రె మంచిదే అక్కా. క్యాను మార్చు."

కమలాబాయి మొగుడి వైపు చూసింది. "అంగడి గటు" అంది.

"నేను అమ్ముతనన్ననా? తోల్తనన్న" అని ఫూల్‌సింగ్ మోతిని ఇంటివైపు మళ్లించాడు.

తర్వాత ఆమె పాలు బిందెలోనే తెచ్చేది, దాన్ని మెత్తటి గుడ్డతో కడిగేది. క్యానును పారేయలేదు. నేను బయలుదేరిన మధ్యాహ్నం కూడా కాలువ ఇసుకతో దాన్ని తోముతూనే ఉంది, చేతులు ఊరుకోక. మిలమిలలాడే ఆ ఖాళీ క్యానును ఎండలో బోర్లిస్తే, ఒక తూనీగ వచ్చి దాని మీద వాలింది. ఆమె పీచు పక్కన పెట్టి, అది లేచేదాకా ఆగింది.